చెడ్డోళ్ల మూట

పుంగనూరులో ఈరమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే తొంభైల్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. కదిరప్ప ఇల్లంటే మాత్రం ఇద్దరు ముగ్గురు లేచి వేలు పెట్టి చూపించేవాళ్లు. కదిరప్ప మదనపల్లె టమోటా మండీలో హమాలీ. తెల్లవారే బస్సుకు పోయి, ఎండ వాలే వేళకు తిరిగొచ్చేవాడు. ఎక్కిన బస్సులో డ్రైవరు దగ్గర మొదలుపెట్టి వెనక సీటు దాకా అందరినీ పలకరించే మనిషి. అతని భార్య పెరట్లో మేకతోళ్లు ఆరబెట్టుకుంటుందని, గాలి ఇటు తిరిగితే కాస్త వాసన వస్తుందని, వీధిలో వాళ్లకు తెలిసింది అంతవరకే.

ఈరమ్మ పుట్టిల్లు పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక మెట్ట పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే మేకలు. ఆమె నాయనకు అరవై మేకలుండేవి. ఎండాకాలం మొదలవగానే రంగప్ప అనే బొమ్మలాటాయన తన మేళంతో ఆ ఊరికి వచ్చేవాడు. పది రోజులుండి, ఆటలు ఆడి, పోయేటప్పుడు పలచటి తోళ్లు ఏరి కొనుక్కునేవాడు. ఏ తోలు బొమ్మకు పనికొస్తుందో, ఏది చెప్పుకు పనికొస్తుందో రంగప్ప చూసి చెప్పేవాడు. పన్నెండేళ్ల ఈరమ్మ చూడకుండా, రెండు వేళ్ల మధ్య నలిపి చెప్పేది. అది గమనించి ఆయనే ఒకరోజు ఆమె చేతికి కత్తి ఇచ్చాడు.

"గీకేటప్పుడు కత్తిని నమ్మొద్దు పాపా, బొటనేలిని నమ్ము. అడుగున బొటనేలి నీడ కనిపించిందా, ఇంగ ఆపు."

అలా ఆరేడు ఎండాకాలాల్లో ఆమె తోలు నానబెట్టడం, వెంట్రుకలు తీయడం, చుట్టూ మేకులు కొట్టి లాగి ఆరబెట్టడం, ఆరిన తోలుమీద బొమ్మ గీయడం, ఉలితో నగల చిల్లులు పొడవడం, రెండువైపులా రంగు వేయడం, చేతుల కీళ్లు దారంతో ముడివేయడం అన్నీ నేర్చింది. రంగప్ప పనితోపాటు పట్టింపులూ నేర్పాడు. బొమ్మకు కన్ను చివరన పొడవాలి. కన్ను పొడిచిన బొమ్మను కత్తిరించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మంచోళ్లనూ చెడ్డోళ్లనూ ఒకే మూటలో కట్టకూడదు. కడితే లోపల కొట్టుకుంటారు. దేవుళ్లు, రాజులు, పతివ్రతలు ఒక మూట. రాక్షసులు, దొంగలు, తాగుబోతులు ఇంకో మూట. మంచోళ్ల మూట ఎప్పుడూ ఎత్తున ఉండాలి, చెడ్డోళ్లది కింద. నల్లరంగు చెమ్మకు ఊడి లేతరంగు బొమ్మలకు అంటుకుంటుందన్నది అసలు కారణమై ఉండవచ్చు. ఈరమ్మ ఆ ఆలోచన చేయలేదు. గురువు చెప్పాడు, చేసింది.

టీవీలు వచ్చాక రంగప్ప మేళం విడిపోయింది. ఆయన చివరిసారి ఊరికి వచ్చినప్పుడు ఈరమ్మకు పెళ్లి కుదిరి ఉంది. తన ఉలుల సంచి ఆమె ఒళ్లో పెట్టి, "సారె అనుకో" అని వెళ్లిపోయాడు.

పెళ్లయ్యాక పుంగనూరులో ఆ సంచి చాలా ఏళ్లు అటకమీద ఉంది. తర్వాత ఒకసారి కిందికి దిగింది, మళ్లీ ఎక్కలేదు. బొమ్మలు ఎవరి కోసమని అడిగేవాళ్లు లేరు. ఇంట్లో వంట అయ్యాక ఆమె చేసుకుంటూ కూర్చునేది. కదిరప్ప వచ్చి చూసి, "ఏం మే, ఈ మీసాలాయన మా మేస్త్రీ మాదిరి ఉండాడే!" అనేవాడు. నిజంగానే మేస్త్రీని చూసి చేసిందే.

మదనపల్లె బజారులో ముద్దుకృష్ణకు అలంకార వస్తువుల అంగడి ఉండేది. హార్స్లీ హిల్స్ మీద బెంగుళూరు వాళ్లు కొనే గంధపు ఏనుగులు, గవ్వల దండలు అతనే సరఫరా చేసేవాడు. కదిరప్ప మాటల మీద ఒకరోజు రెండు బొమ్మలు తీసుకున్నాడు. అవి వారంలో అమ్ముడుపోయాయి. అప్పటినుంచి తోలు ల్యాంపు షేడ్లు, గోడకు తగిలించే అమ్మవార్లు, నెలకు పదీ పదిహేను. ఈరమ్మకు సంతోషమే. తిండికి ఇబ్బంది లేకుండా పని దొరికింది, చేయాలనుకున్న పనే దొరికింది.

ఒకసారి సరుకు ఇవ్వడానికి కొండమీదికి తానే పోయింది. అంగట్లో బెంగుళూరు దంపతులెవరో అమ్మవారి బొమ్మను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తున్నారు. అంగడి కుర్రాడు ముద్దుకృష్ణ నేర్పిన మాట చదివినట్టు చెప్తున్నాడు. ఏడు తరాలుగా బొమ్మలు చేసే వంశమట. తాత చేతిలోంచి మనవడి చేతికి వచ్చిన విద్యట. ఈరమ్మ పక్కనే ఖాళీ గోతం మడుచుకుంటూ నిలబడింది. ఆ వంశంలో ఆమె లేదు. ఆ బొమ్మ మెడలో పేటల హారం చిల్లులు పొడవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. 'నేను సేసినాను' అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. కొండ దిగేదాకా ఆగే ఉంది.

"ముద్దుకృష్ణన్నను తప్పు పట్టేదేముంది? యాపారం," అన్నాడు కదిరప్ప ఇంట్లో.

"తప్పు పట్టలేదప్పా. నా పేరు సెప్పుకొని నేనే పని తెచ్చుకుంటే ఎట్లుంటాదని సూస్తాండా."

అక్షరాలు ఆమెకు పెద్దయ్యాక వచ్చాయి. తొంభైల మొదట్లో జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం సాగినప్పుడు పలక పట్టింది. ఉలితో గీత గీసే చేతికి అక్షరం ఒక లెక్కా? ఒక్కో అక్షరం బొమ్మలాగే దిద్దేది. రెండువేల సంవత్సరంలో ఒకనాడు పోస్టాఫీసుకు పోయి ఒక కట్ట కార్డులు తెచ్చుకుంది. బడులకు, ఆసుపత్రులకు, పాలకేంద్రానికి, పేరు తెలిసిన ప్రతి ఆఫీసుకూ ఒకే మాట రాసింది. "అయ్యా, నేను తోలుబొమ్మలు చేస్తాను. మీకు ఏ బొమ్మ కావాలన్నా చేస్తాను. చూసి నచ్చితేనే తీసుకోండి. ఈరమ్మ, పుంగనూరు."

జవాబులు పెద్దగా రాలేదు. మొట్టమొదట కార్డు పట్టుకొని ఇంటికే వచ్చినవాడు నాగరాజు అనే ఒక పార్టీ కార్యకర్త.

"బొమ్మలు చేస్తానని కార్డు రాసింది నువ్వేనా? మాకొకటి కావాల. రేపు పొద్దున్నే. మనిషంత ఉండాల. పంచె, సొక్కా మేమే తెస్తాము."

"ఏం బొమ్మ కావాలప్పా?"

"ఏదైతే ఏం, కాల్చేదే గదా!"

"కాల్చేదానికా?"

"మరి సర్కిల్లో నిలబెట్టి పూజ చేస్తామా?"

కదిరప్ప చేతులు నలుపుకుంటూ, "గడ్డితో సేసిస్తే పోలేదా మే, ఇంత దూరం వచ్చినారు," అన్నాడు.

ఈరమ్మ తోలు గీకుతున్నదల్లా తల ఎత్తింది. "నేను సేస్తే మీకు కాల్చబుద్ధి కాదప్పా. ఇంటికి తీసకపోయి గోడకు తగిలించుకుంటారు. మీ ధర్నా సెడిపోతాది. గమ్మున గడ్డితో మీరే సేసుకోండి."

నాగరాజు నవ్వుతూ పోయాడు. ఇంట్లో ఇంత మాట అనగలిగిన మనిషికి గడప దాటితే నోరు పెగలదు. అందుకని ఆఫీసులకు పోయేటప్పుడు కదిరప్ప మండీకి సెలవు పెట్టి తోడు వచ్చేవాడు. బొమ్మ ఆమె పట్టుకోవాలి, మాట అతను మాట్లాడాలి. ఇది వాళ్ల ఒప్పందం.

తోలుబొమ్మతో ఒక చిక్కుంది. బల్లమీద పరిస్తే అది మరకలు పడిన ఎండు అప్పడం. వెనకనుంచి వెలుతురు తగిలితేనే దానికి ఒళ్లూ, నగలూ, కళ్లూ. అందుకని ఈరమ్మ ఏ ఆఫీసుకు పోయినా మొదట చూసేది ఆఫీసరును కాదు, కిటికీని. చాలా ఆఫీసుల్లో కిటికీకి అడ్డంగా బీరువా ఉండేది.

"ఆ బీరువా రవ్వంత జరిపితే బొమ్మ బాగా కనబడతాది సార్," అనేవాడు కదిరప్ప.

"బీరువా జరపాలంటే పైనుంచి ఆర్డరు రావాల," అనేవాడు గుమాస్తా.

కిటికీ దొరికిన చోట కదిరప్ప మాట ఎక్కువయ్యేది. "ఈ బొమ్మను సూస్తే పైన దేవుడే దిగొస్తాడు సార్!" అనేవాడు. వాళ్లు, "బాగా చేస్తావే అప్పా!" అని అతన్నే మెచ్చుకునేవాళ్లు. "నేను కాద్సార్, ఈమె," అంటే నవ్వేవాళ్లు, భార్యను ముందుకు తోసి వేడుక చేస్తున్నాడనుకొని. ఈరమ్మ నేల చూపులు చూసేది. అలా రెండేళ్లు గడిచాయి. ఒక బడికి ఆరు జంతువుల బొమ్మలు, ఒక డాక్టరు ఇంటికి ఒక నెమలి. పేరుతో వచ్చిన పని అంతే. మిగతాదంతా ముద్దుకృష్ణ అంగడికే.

రెండువేల రెండులో కుప్పం నుంచి ఉత్తరం వచ్చింది. పల్లెల్లో ఆరోగ్యం గురించి ప్రచారం చేసే ఒక సంస్థ. మలేరియా, విరేచనాల మీద బొమ్మలాట వేయించాలనుకుంటున్నారు. నమూనాగా ఎనిమిది బొమ్మలు చేసి తీసుకురమ్మన్నారు, నచ్చితే పెద్ద పని ఇస్తామన్నారు. కింద శాంతకుమారి అని సంతకం. "శ్రీమతి ఈరమ్మ గారికి" అని మొదలయిన ఆ ఉత్తరాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఈ పని తన పేరుతో దక్కితే ఇక ఎవరి వంశంలోనో దూరి బతకాల్సిన అవసరం లేదు. దక్కకపోతే మళ్లీ కార్డులు రాయగల ఓపిక తనలో ఉందో లేదో ఆమెకే తెలియదు.

ఎనిమిది బొమ్మల్లో నలుగురు మంచోళ్లు: నర్సమ్మ, పంతులు, సర్పంచమ్మ, దోమతెర పట్టుకున్న తల్లి. నలుగురు చెడ్డోళ్లు: దోమ, ఈగ, తాగుబోతు, వేపమండ పట్టిన మంత్రగాడు. మంచోళ్లను పద్ధతిగా చేసింది, తెల్లకోక, చక్కటి బొట్టు, నిలువు చూపు. చెడ్డోళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతికి హుషారొచ్చింది. దోమను మూరెడు పొడవు చేసి, రెక్కల నిండా జల్లెడలా చిల్లులు పొడిచి, ముక్కుకు కీలు పెట్టింది. ఆ ముక్కు ఆడిస్తుంటే కదిరప్ప మెడ గోక్కున్నాడు.

అనుకున్న రోజు పదకొండుకల్లా కుప్పం ఆఫీసులో ఉండాలి. పొద్దున్నే ఇద్దరూ మదనపల్లె నుంచి చిత్తూరుకు పోయే బస్సు పుంగనూరులో ఎక్కారు. పలమనేరులో దిగి కుప్పం బస్సు పట్టుకోవాలి. మూటలు రెండు. మంచోళ్లను కాళ్ల దగ్గర పెట్టకూడదు గనక ఆ మూటను కదిరప్ప బస్సు పైకెక్కి, టమోటా బుట్టల పక్కన కట్టి వచ్చాడు. చెడ్డోళ్ల మూట సీటు కింద.

"నువ్వు మాట్లాడాల్సింది గుర్తుండాది గదా?" అంది ఆమె.

"నర్సమ్మతో మొదలుపెడతా. నువ్వు కిటికీ సూసుకో."

పలమనేరులో దిగగానే, "పది నిమిషాలు ఆగుతాది బస్సు, గొంతు తడుపుకొని మూట దించుతా," అని కదిరప్ప టీ కొట్టుకు పోయాడు. అక్కడ ఎవరో మండీ స్నేహితుడు తగిలాడు. ఆ రోజు బస్సు పది నిమిషాలు ఆగలేదు. మంచోళ్లు నలుగురూ టాపుమీద కూర్చొని చిత్తూరు దారి పట్టారు.

"ఏమప్పా! బస్సు! బస్సు పోతాండాది!"

కదిరప్ప గ్లాసు పారేసి పరిగెత్తాడు. సందు చివరదాకా పోయి, రొప్పుతూ తిరిగొచ్చాడు. "ఎనకాల బస్సుకు సిత్తూరు పొయ్యి పట్టుకొస్తా. నువ్వు కుప్పానికి పో."

"నేనొక్కదాన్నే పొయ్యి ఏం సెప్పాల? ఈళ్లను సూపించి ఏం సెప్పాల?"

"ఏదో ఒగటి సెప్పు మే! పదకొండు దాటితే ఏం సెప్పినా ఒగటే!"

కుప్పం బస్సు కండక్టరు అప్పటికే విజిలు వేస్తున్నాడు. ఆమె ఎక్కింది. చెడ్డోళ్ల మూట ఒళ్లో పెట్టుకొని, వీకోట దాటేదాకా ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది.

సంస్థ ఆఫీసు ఒక పెంకుటింట్లో ఉంది. వెనక వసారాలో చాప పరిచి, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్య కార్యకర్తలు పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చున్నారు. శాంతకుమారి కళ్లద్దాల మనిషి, నెమ్మదస్తురాలు. పక్కన ఆ బొమ్మలాట తయారుచేయించడానికి బెంగుళూరు నుంచి వచ్చిన దినేష్, చేతిలో నోటు పుస్తకం. బల్ల దగ్గర నిలబడి ముద్దుకృష్ణ.

ముద్దుకృష్ణను చూసి ఈరమ్మ గడపలో ఆగిపోయింది. ఆమెను చూసి అతనూ ఒక క్షణం తడబడ్డాడు.

"ఏంది ఈరమ్మా, నువ్వీడ?"

"కార్డు రాసింటి అన్నా. రమ్మన్నారు."

అతన్నీ నమూనాలు తెమ్మన్నట్టుంది. బల్లమీద అతను పరిచిన బొమ్మలు అయిదు. ఒక్కొక్కటీ ఆమెకు తెలుసు. మధ్యలో ఎర్రంచు కోక కట్టిన అమ్మవారు కిందటి శ్రావణంలో చేసింది. ముద్దుకృష్ణ వెంట ఒక బల్బు, తీగ కూడా తెచ్చుకున్నాడు. వెలిగించేసరికి అమ్మవారి నగలు మెరిశాయి, చాపమీది ఆడవాళ్లు "అబ్బా!" అన్నారు. ఏడు తరాల మాట అక్కడా వచ్చింది.

"మీరు కానివ్వండి ఈరమ్మగారూ," అంది శాంతకుమారి.

ఈరమ్మ మూట విప్పింది. దోమ, ఈగ, తాగుబోతు, మంత్రగాడు.

శాంతకుమారి అద్దాలు సర్దుకుంది. "మంచివాళ్లెవరూ లేరా అమ్మా?"

"ఉండారు మేడం. సిత్తూరు పొయినారు."

చాపమీద నవ్వులు లేచాయి. ఈరమ్మ నవ్వించాలని అనలేదు. ముద్దుకృష్ణ జాలిగా, "ఆడామె, ఒక్కతే వచ్చినట్టుంది. పోనీండి మేడం," అన్నాడు.

ఆ జాలే లేకపోతే ఆమె మూట కట్టుకొని వెళ్లిపోయేదేమో. తల తిప్పి కిటికీ కోసం చూసింది. కిటికీ లేదు. పెరటి తలుపు ఉంది, దానికి అవతల మంచి ఎండ ఉంది.

"మేడం, ఒక దుప్పటి ఉంటే ఇయ్యండి," అంది.

తెల్ల దుప్పటి ఆ తలుపుకు అడ్డంగా కట్టించి, తాను అవతలికి పోయింది. ఎండ వీపుమీద పడుతోంది. ముందు తెర. తెర అవతల ఎవరున్నారో తెలియడం లేదు, తాను ఎవరికీ కనబడడం లేదు. ఇరవై ఏళ్ల కిందట రంగప్ప తెర వెనక కూర్చొని విన్న ఆటలన్నీ చెవిలో ఉన్నాయి. బొమ్మ ఏదైనా సరే, తెరమీదికి వస్తూనే తన పేరు, ఊరు, గొప్ప తానే చెప్పుకోవాలి. అది ఆట పద్ధతి. దేవుడైనా చెప్పుకుంటాడు, దొంగైనా చెప్పుకుంటాడు. సిగ్గుపడే బొమ్మ ఆటలో లేదు.

దోమ తెరమీదికి వచ్చింది. ముక్కు ఒకసారి అటూ ఇటూ ఆడించింది.

"ఏమమ్మా, అట్ల సూస్తాండారు? నన్ను ఎరగరా? మీ సర్పంచి అయిదేండ్లకొకసారి మీ గడప తొక్కుతాడు. నేను దినామూ వస్తాను. పిలవకపోయినా వస్తాను. కాఫీ అడగను, కూసో అంటే కూసోను, నిలబడే పని సూసుకొని పోతాను. నా పుట్టిల్లు యాడో తెలుసునా? మీ పెరట్లో ఓటి కుండ. నా అత్తిల్లు? మీ ఇంటెనక గుంత. ఆ గుంత పూడస్తానని మీ ఆయన మూడేండ్లుగా సెప్తాండాడు. సల్లంగుండాల ఆయప్ప! ఆయన బద్దకం మీదనే నా బిడ్డలు బతుకుతాండారు!"

చాపమీద ఎవరో చేతిమీద ఠపీమని కొట్టుకున్నారు. దానికి ఇంకా నవ్వులు. ఒకామె కేకేసింది: "నిన్ను పట్టుకుంటే నలిపేస్తా సూడు!"

"నలుపుదువు గాని తల్లీ, ముందు ఆ గుంత సంగతి సూడు. నన్నొక్కదాన్నీ నలిపితే నా సెల్లెండ్లు మున్నూరు మంది ఉండారు ఆడ!"

మంత్రగాడు వచ్చి దోమ కుట్టిన జ్వరానికి వేపమండతో దిగదుడిచాడు. దోమ అతనికి కృతజ్ఞతగా దండం పెట్టి, అతని మెడమీదే వాలింది. తాగుబోతు జ్వరం మాత్రలు సారాయితో మింగబోయాడు. ఈగ అతని పళ్లెంలో భోజనానికి కూర్చుంది. ఈరమ్మకు ముందు అనుకున్న మాట ఒక్కటీ లేదు. చేతులు ఆడుతున్నాయి, వాటి వెంట నోరు ఆడుతోంది.

చివరికి దోమ మళ్లీ ఒక్కతే నిలబడింది. ఈసారి అది కాస్త పక్కకు తిరిగింది, బల్ల ఉన్న వైపు.

"ఇంతసేపూ నా గొప్ప సెప్పుకుంటిని. నన్ను సేసింది ఎవురో అడగలేదే మీరు? పుంగనూరు ఈరమ్మ. నా రెక్కల్లో ఇన్ని బొక్కలు పొడిసి, నా ముక్కుకు కీలు పెట్టి, ఆఖరికి కన్ను తెరిపించింది ఆయమ్మే. ఆ బల్లమీద నగలు దిగేసుకొని కూసోనుండాదే, ఆయమ్మెవురో తెలుసునా? మా అక్క! ఒక్క తల్లి బిడ్డలం. ఏం అక్కా, అంగడి ఎక్కినాక పుట్టిల్లు మరిసిపోయినావా? పలకవా?"

వసారాలో నవ్వు ఒక్కసారిగా తగ్గింది. అందరూ బల్లవైపు, ఆ తర్వాత ముద్దుకృష్ణవైపు చూశారు. ఈరమ్మ తెర వెనక దోమను దించకుండా పట్టుకుంది. అనేసింది. ఇక వెనక్కి రాదు.

ముద్దుకృష్ణ గట్టిగా నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు, వ్యాపారి. "అమ్మవారు ఎట్ల పలుకుతాదిలే దోమమ్మా, నేను పలుకుతాను. అవును మేడం, ఇవన్నీ ఈరమ్మ చేతిపనే. ఏడు తరాలని చెప్తే సరుకు బాగా పోతాదని చెప్పుకుంటాండా."

దినేష్ నోటు పుస్తకం మూసేశాడు. "మేడం, నర్సమ్మతో మొదలుపెట్టి ఉంటే వీళ్లంతా ఈపాటికి నిద్రపోయేవాళ్లు. ఈ దోమే కావాలి నాకు."

బొమ్మలు అయిదు జట్లు కావాలన్నారు. ఒక్కో జట్టులో ఎనిమిది. కార్యకర్తలకు ఆడించడం కూడా నేర్పాలి. అంతా ఖాయమైందనుకునే వేళకు శాంతకుమారి కాస్త ఇబ్బందిగా, "ఈరమ్మగారూ, మాకు పద్ధతిగా బిల్లు కావాలమ్మా. మీకు అంగడి, రశీదులు ఏమైనా..." అంది.

ముద్దుకృష్ణ వెంటనే అందుకున్నాడు. "నా అంగడి పేరున రాయండి మేడం. బిల్లు, ముద్ర అన్నీ ఉండాయి. చేయించే పూచీ నాది. ఈమెకేం, ఎట్లైనా చేసేది ఈమే కదా!"

మాట సబబుగానే ఉంది. అందరూ ఆమెవైపు చూశారు. ఇప్పుడు తెర లేదు. చేతిలో దోమ లేదు. కదిరప్ప లేడు. ఈరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"బిల్లు పుస్తకం అంగట్లో దొరుకుతాదంట గదా మేడం," అంది మెల్లగా. "కొనుక్కుంటాను. బొమ్మలైతే అంగట్లో దొరకవు. నా పేరునే రాయండి."

శాంతకుమారి ఆమె ముఖం చూసింది, కలం తీసింది. "ఇంటిపేరు చెప్పండమ్మా," అంది.

ముద్దుకృష్ణ బల్బు, తీగ చుట్టుకుంటూ, "నా అమ్మవార్లు ఆపేయవు కదా ఈరమ్మా?" అన్నాడు.

"యాల ఆపేస్తాను అన్నా? నువ్వు అడిగినన్ని సేసిస్తా. ఇంగమీదట ఏడు తరాలు మాత్రం సెప్పొద్దు."

"మరేం చెప్పమంటావు?"

"పుంగనూరు ఈరమ్మ అని సెప్పు. సరుకు పోకపోతే అప్పుడు సూద్దాం."

ఆమె ఆర్డరు కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకొని కుప్పం బస్టాండుకు వచ్చేసరికి, కదిరప్ప మూట నెత్తిన పెట్టుకొని ఎదురొస్తున్నాడు. చిత్తూరులో టాపుమీదినుంచి దించుకొని, మూడు బస్సులు మారి, అన్నం తినకుండా వచ్చాడు. మూటమీద టమోటా రసం మరక.

"మంచోళ్లు దొరికినారు మే! యాడా, ఇంగా ఉండారా వాళ్లు? పా, మాట్లాడతా!"

"మాట్లాడేది అయిపొయింది."

"ఏమైపొయింది? ఎవురు మాట్లాడినారు?"

"దోమ కొంత, నేను కొంత," అంది. అతనికి అర్థం కాలేదు. ముందు అన్నం పెట్టించి, తినేటప్పుడు వరసగా చెప్పింది. ముద్దుకృష్ణ సంగతి వచ్చేసరికి కదిరప్ప ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. బిల్లు పుస్తకం మాట దగ్గర హోటలాయన్ను పిలిచి, "ఇంగోసారి సెప్పు మే, ఈయప్ప కూడా వింటాడు," అన్నాడు.

నలభై బొమ్మలు చేయడానికి మూడు నెలలు పట్టింది. పెరటి గోడంతా మేకులు దిగాయి. వీధిలో వాళ్లు వాసన గురించి ఒకటికి రెండుసార్లు మాట్లాడబోయి, లోపలికొచ్చి చూసి, పిల్లల్ని కూడా పిలుచుకొచ్చారు.

మొదటి ఆట శాంతిపురం దగ్గర ఒక పల్లెలో, గ్రానైటు క్వారీ కూలీల కాలనీలో. మాపటేళ పనులు దిగాక తెర కట్టారు. కార్యకర్తలు మిగతా బొమ్మలు పట్టారు. దోమను మాత్రం ఆ ఒక్క ఆటకు ఈరమ్మే ఆడించాలని అందరూ పట్టుబట్టారు. ఆట అయ్యాక జనం లేవడం లేదు. పదిమంది ఆడవాళ్లు తెర పక్కనుంచి వెనక్కి వచ్చేశారు, ముందు ఇందిరమ్మ అనే పెద్దావిడ.

"ఈ బొమ్మలు సేసినాయప్ప యాడుండాడు?" అని ఆమె కదిరప్పను అడిగింది. "పెద్ద కళాకారుడంట గదా. ఈ ఊరికి వచ్చినాడా?"

కదిరప్ప నోరు తెరిచాడు. అతని దగ్గర చెప్పడానికి చాలా ఉంది. కానీ భార్యవైపు చూసి, ఎన్నడూ లేనిది, గమ్మున ఉండిపోయాడు.

"నేనే అవ్వా," అంది ఈరమ్మ.

"నువ్వా!" ఇందిరమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఇన్నీనా?"

"అన్నీ నేనే. గీకింది, పొడిసింది, రంగేసింది, అన్నీ. వేరేవాళ్ల చెయ్యి ఒక్కదాంట్లో కూడా లేదు."

ఆ మాట అనడానికి ఆమెకు ఏ కష్టమూ కలగలేదు. ఇందిరమ్మ చెయ్యి చాపి దోమ రెక్కను ముట్టీ ముట్టనట్టు ముట్టింది. ఈరమ్మ బొమ్మను ఆమె చేతికిచ్చి, వెనక నిలబడి, వెదురుపుల్ల ఏ వేలితో పట్టుకుంటే ముక్కు లేస్తుందో చూపించసాగింది.